అత్తగారి గూడబాతు

మా వట్లూరులో ఇప్పుడు పొద్దున్నే నన్ను నిద్రలేపేవి కాలేజీ బస్సుల హారన్లు. వాటికి ఎంతగా అలవాటు పడిపోయానంటే, అవి వినబడని ఆదివారం నాడు నాకు తెల్లవారినట్టే ఉండదు. కానీ మొన్నొక పొద్దున్న బస్సులకంటే ముందే ఎవరో స్టీలు పళ్ళెం మీద గరిటతో ఖణేల్ ఖణేల్‌మని వాయించే మోత వినబడి, చెప్పులు కూడా వేసుకోకుండా బాల్కనీలోకి పరుగెత్తాను. చూద్దును కదా, ఎదురు అపార్టుమెంటు నీళ్ళ ట్యాంకు మీద ఒక గూడబాతు కూర్చుని ఉంది. ఇంత పెద్ద ముక్కు, ముక్కు కింద వేలాడే సంచీ, బూడిదరంగు రెక్కలు, కాస్త అలిసిపోయిన వాలకం. కొల్లేట్లో ఉండవలసిన పక్షి, పాపం దారి తప్పిందో, చెరువులు చూసి విసుగెత్తిందో, మా కాలనీకి వచ్చింది. కింద వీధిలో సగం కాలనీ ఫోన్లు ఎత్తిపట్టుకుని నిలబడి ఉంది. అది కూర్చుంటే ఏం బాగుంటుంది, ఎగిరితే కదా వీడియో అని, ఎదురింటి అమ్మాయి పళ్ళెం వాయిస్తోంది.

"ఆపమ్మా! ఆపు! దానికి పోవాలనిపిస్తే అదే పోతుంది!" అని నేను అరిచిన అరుపుకి వీధి వీధంతా తలెత్తి చూసింది. వానాకాలంలో మా ఆయన పోయిన దగ్గర్నుంచీ ఎవరితోనూ నోరు విప్పని పంతులమ్మగారికి ఇంత గొంతుందని ఎవరూ అనుకుని ఉండరు. ఆ పిల్ల బెదిరిపోయి, "సారీ అండి ఆంటీ" అంటూ పళ్ళేన్ని వెనక్కి దాచుకుంది. నేను అక్కడే కుర్చీలో కూర్చున్నాను. ఆ పిల్ల తప్పు ఏముంది? ఆ మోత నాకు తెలిసినట్టు దానికి తెలియదు. మన ఈడువాళ్ళలో కొల్లేటి అంచున కొన్నాళ్ళయినా కాపరం చేసినవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది కానీ, మిగతావాళ్ళకి మాత్రం నేను కాస్త వెనక్కి వెళ్ళి మొదట్నుంచీ చెప్పుకురావాలి.

నేను పుట్టి పెరిగింది అత్తిలి పక్క, వరిచేల మధ్య. నీళ్ళంటే కాలవలో బుద్ధిగా పారి, చేలోకి వెళ్ళి, పని అయ్యాక మురుక్కాలవలోకి పోయేవని నా నమ్మకం. పెళ్ళయి కైకలూరు అవతల కొల్లేటి ఒడ్డున ఉన్న ఊరికి కాపరానికి వచ్చాక, నీళ్ళు మనిషి మాట వినవని తెలిసింది. ఎటు చూసినా చేపల చెరువులు, వాటి మధ్య గట్లు, గట్ల మీద మేము. మొదటి వారమంతా చేపల వాసనకి ముక్కు మూసుకుని తిరిగాను, ఆ తర్వాత నాకు ముక్కనేది ఒకటుందన్న సంగతే మరిచిపోయాను. ఊళ్ళో మిషను బడి ఉండేది, అందులో నాకు టీచరు ఉద్యోగం. మా ఆయనకి కైకలూరులో ఐస్ ఫ్యాక్టరీలో పని. ఇంట్లో మేమిద్దరం, మా అత్తగారు, మామగారు, అంతే.

మా మామగారు చర్చిలో సంఘపెద్ద. ఆదివారం గంట ఆయనే కొట్టేవారు. మా అత్తగారు సన్నగా, పొడుగ్గా, తక్కువ మాటలతో ఉండే మనిషి. ఆవిడకో పద్ధతుండేది. పెళ్ళయిన నాటి నుంచీ మామగారు తిని లేచాక, ఆయన కంచంలోనే తనకి వడ్డించుకుని తినేది. ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళు అలాగే తినేవారు కానీ, ఈవిడకి ఆకలే ఆ దారికి అలవాటు పడిపోయింది. ఆయన ఏ సంఘం పని మీదో పొరుగూరు వెళ్ళి ఆలస్యమైతే, పొద్దుగుంకే వేళ దాకా మెతుకు ముట్టేది కాదు. తినండి అత్తయ్యగారూ అంటే, నాకింకా ఆకలెయ్యలేదమ్మా అనేది, అది నిజంగానే అనేది. నేను ట్రైనింగు చదువుకుని వచ్చిన దాన్ని కదా, ఇదేం చాదస్తమండీ అని మొహం మీదే అనేసేదాన్ని. ఆవిడ నవ్వి ఊరుకునేది.

అలా ఉండగా ఒక ఏడు వానాకాలంలో మామగారు పోయారు. జ్వరమని పడుకున్నాయన, ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే మాట పడిపోయి, మళ్ళీ ఇంటికి నడిచి రాలేదు. సమాధి కార్యక్రమం అయ్యాక బంధువులు ఉన్నన్నాళ్ళూ ఎవరో ఒకరు అత్తగారి చేత బలవంతాన రెండు ముద్దలు మింగించారు. అందరూ వెళ్ళిపోయాక ఆవిడ వసారాలో గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం కలిపి నోటి దగ్గర పెడితే వద్దనేది కాదు, చేత్తో తోసేది కాదు, అదే నాకు ఎక్కువ భయం వేసింది. నోట్లో పెట్టింది పెట్టినట్టే ఉండి, కాసేపటికి పెదవి పక్కనుంచి జారి తలగడ మీద పడేది. మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వస్తూ సైకిలు దిగకుండానే, తిందా అన్నట్టు నా మొహంలోకి చూసేవారు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఒకనాడాయన ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, "అమ్మా, నా మీద ఒట్టే, ఒక్క ముద్ద తినవే" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆవిడ చెయ్యి చాచి ఆయన తల నిమిరింది, కళ్ళు తుడిచింది. తినలేదు.

ఏలూరు తీసుకెళ్ళి చూపించాం. డాక్టరుగారు సెలైను ఎక్కించి, ఒంట్లో జబ్బేమీ లేదండీ, ఆవిడకి బతకాలని ఉండాలి కదా, అది నేను సీసాలో పోసి ఇవ్వలేను కదా అన్నారు. ఇంటికొచ్చాక నేను ఆవిడకి చీర కడుతుంటే, కుచ్చిళ్ళు ఎన్ని పెట్టినా ఇంకా చీర మిగులుతోంది. ఆ మిగిలిన చీర చేత్తో పట్టుకుని నేను నేల మీద కూర్చుండిపోయాను. కళ్ళముందే మనిషి పోతోంది, ఆపడానికి మా చేతుల్లో ఏమీ లేదు. అంత అసహాయంగా నేను అంతకు ముందెప్పుడూ లేను. బడిలో పిల్లలకి ఎక్కాలు చెబుతూ కూడా, ఈ గంటలో ఇంటిదగ్గర ఏమైందో అని కిటికీ వైపే చూస్తుండేదాన్ని.

చలి మొదలయ్యే రోజుల్లో మా ఆయన ఒక సాయంత్రం గోనెసంచి ఒకటి సైకిలుకి కట్టుకుని తెచ్చారు. సంచి కదులుతోంది. కోడేమో, పులుసు పెడితే ఆ వాసనకైనా ఆవిడ లేస్తుందేమో అని ఆశపడి మూతి విప్పాను. మూరెడు ముక్కు బయటికి వచ్చి నా చేతి మీద టప్పున కొట్టింది. కెవ్వుమని వెనక్కి పడ్డాను.

ఆ పక్షి కథ ఏమిటంటే, మామగారికి వరసకి తమ్ముడొకాయన ఉండేవారు, నాకు చినమామగారు. ఊరి చివర చెరువు లీజుకి తీసుకుని చేపలు పెంచేవారు. గూడబాతుల మంద ఒకసారి చెరువులో దిగిందంటే, గూడతో నీళ్ళు తోడినట్టు ఆ ముక్కులతో చేపపిల్లని తోడేసి పోయేవి. అందుకని చెరువుల మీద అడ్డంగా నైలాను తీగలు లాగేవారు, గాలికి జుంయ్‌మని మోగేలా పాత క్యాసెట్ల రీళ్ళు కట్టేవారు. వీటన్నిటికంటే బాగా పనిచేసేది ఇంకోటుండేది, చెప్పడానికి నోరు రావడం లేదు. చచ్చిన పక్షినొకదాన్ని గెడకి తలకిందులుగా వేలాడదీస్తే, మిగతావి ఆ ఛాయలకి వచ్చేవి కాదు. ఇప్పుడైతే కేసులవుతాయి. అప్పుడది పాపమని ఎవరికీ తోచేది కాదు, చేలో దిష్టిబొమ్మ పెట్టినట్టే అనుకునేవారు. తీగలో రెక్క చిక్కుకుని చీరుకుపోయిన ఈ కుర్ర పక్షిని కూడా చినమామగారు ఆ పనికే అట్టేపెట్టారు. అటుగా వస్తున్న మా ఆయన అది కళ్ళు ఆర్పడం చూసి, ఇంకా ప్రాణం ఉంది కదండీ బాబాయ్ అని అడిగి తెచ్చేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంట్లో తినని మనిషి ఒకరు చాలలేదా, తినని పక్షిని కూడా తెచ్చారూ?" అని గయ్యిమన్నాను. నా నోటిమాట నిజమే అయింది. అది వసారాలో రెండో మూలకి పోయి, గోడకి ముక్కు ఆనించి నిలబడింది. ముందు వేసిన పరిగె చేపలని తొక్కిందే తప్ప వంగి చూడలేదు. ఈ గోడకి ఆవిడ, ఆ గోడకి ఇది, మధ్యలో వాడిపోయిన చేపలు, చల్లారిన అన్నం. మీరే చెప్పండి, ఆ ఇంట్లో నేను పిచ్చెక్కకుండా ఎలా ఉన్నానో నాకే తెలియదు.

మర్నాడు పొద్దున్న బడికి వెళ్ళబోతూ జడ వేసుకుంటున్నాను. వెనకనుంచి బొంగురుగా ఒక గొంతు, "అలా నేలమీద పారేస్తే అదెలా తింటుందే? తల ముందు పెట్టాలి" అంది. దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది, వెనక్కి తిరిగాను. మా అత్తగారు మోచేతుల మీద లేచి, పాక్కుంటూ ఆ మూలకి పోతోంది. నేను పట్టుకోబోతే చేత్తో వద్దంది. పక్షి ముక్కు రెండు చేతులా పట్టి విప్పి, పరిగెని తల ముందుగా లోపల పెట్టి, గొంతు కింద వేళ్ళతో నిమిరింది. అది రెక్క విదిలించింది, బుస కొట్టింది, చివరికి గుటుక్కుమంది. ఇంకొకటి పెట్టింది. ఇంకొకటి. ఆ తర్వాత ఆవిడ ఆయాసంతో గోడకి చేరగిలబడింది. నేను పరుగున వెళ్ళి రాత్రి అన్నంలో మజ్జిగ పోసి పిసికి తెచ్చి నోటికందించాను. ఆవిడ నమిలింది. మింగింది. నేను తలుపు చాటుకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే అర్థమైంది. జన్మంతా ఎవరో ఒకరు ముందు తింటే తప్ప ఆకలి పుట్టని మనిషి ఆవిడ. ఆ ముందు తినే ప్రాణి పోయాక, ఆకలికి దారే లేకుండా పోయింది. ఇప్పుడు దేవుడు పంపాడో, నైలాను తీగ పంపిందో, మా ఇంట్లో ముందు తినే ప్రాణి ఒకటి మళ్ళీ వచ్చింది.

కానీ అది సంతోషమని చెప్పలేను, భయం రూపు మార్చుకుంది అంతే. పక్షి తిన్న రోజు ఆవిడ తినేది. పక్షి ముక్కు తిప్పుకున్న రోజు ఆవిడా తిప్పుకునేది. మా ఆయన ఫ్యాక్టరీలో పెట్టెలకెక్కని చితికిన చేపలు ఏరుకొచ్చేవారు. నేను భోజనం ముందు ప్రార్థనలో, ప్రభువా ఆ పక్షికి ఆకలి పుట్టించు అని అడిగేదాన్ని. లోకంలో ఏ విశ్వాసీ అలాంటి ప్రార్థన చేసి ఉండరు. కైకలూరు పశువుల డాక్టరు చూసి, ఎముక విరగలేదండీ, కండ తెగింది, అతుక్కుంటే ఎగురుతుంది, లేకపోతే లేదు అన్నాడు. నా పాత వాయిలు చీర చింపి రెక్కకి కట్టాం. అత్తగారు చేపలు ఖాళీ పామాయిలు డబ్బాలో పోసుకుని, పుల్లతో డబ్బా మీద కొడితే చాలు, అది దుముకుతూ వచ్చి ఆవిడ ఒళ్ళో ముక్కు పెట్టి సంచీ తెరిచేది. ఆవిడ బుగ్గల్లో కాస్త కండ పట్టింది. అయినా లేచి వీధిలోకి వెళ్ళేది కాదు, ఆ వసారా, ఆ పక్షి, అదే లోకం.

ఇంతలో కోత పండగ వచ్చింది. మా చర్చిల్లో ఆ పండగ మీకు తెలుసు కదా, ఎవరింట్లో పండింది, పెంచింది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. బియ్యం, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఆరాధన సగం కోళ్ళ అరుపుల్లోనే జరిగేది. మామగారు ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఉన్నవాటిలో మేలైనదాన్ని తన చేతుల మీద ముందుండి పట్టుకెళ్ళేవారు. ఆ పొద్దున్న నేను ఒక గుమ్మడికాయ తుడిచి పెట్టాను. అత్తగారు దాన్ని చూసి, మీ మామగారు ఒక్క పుచ్చు గింజయినా దేవుడికివ్వలేదే, ఇంట్లో మేలైనదే ఇచ్చేవారు అంది. స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, మామగారు పోయాక మొదటిసారి తనంతట తాను గుమ్మం దిగింది. చేతుల్లో గూడబాతు ఉంది.

మేమిద్దరం బతిమాలాం, దారికి అడ్డం నిలబడ్డాం. వినలేదు. ఆవిడ లెక్క ఆవిడకుంది. పాస్టరు అయ్యగారింటికీ మా ఇంటికీ మధ్య వీధే అడ్డం, కానుకగా ఇస్తే అయ్యగారి దొడ్లోనే తిరుగుతుంది, రోజూ వెళ్ళి చేపలు పెట్టి రావచ్చు, దేవుడి సొత్తుని ఇంక ఎవరూ ముట్టుకోరు అనుకుంది. ఎన్నో ఏళ్ళు సంఘపెద్ద భార్యగా ఉన్న మనిషి, దుఃఖంలో ఒక్క సంగతి మరిచిపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కానుకలన్నీ వేలం వేస్తారు.

చర్చి ముందు పందిట్లో పక్షి వంతు వచ్చేసరికి అంతా నవ్వారు. ఆ నవ్వు వినగానే పక్షి ఇంక దక్కదని నాకు తెలిసిపోయింది. ఎందుకంటే ఆ ఏడు గూడబాతులు మరీ విరుచుకుపడ్డాయి, పందిట్లో కూర్చున్న ప్రతి ఇంటివాళ్ళకీ చెరువులోనో, ఎవరిదో చెరువు కాపలాలోనో దెబ్బ తగిలింది. దాన్ని జాలిపడి పాడేవాళ్ళు ఎవరూ లేరు. మేము పాడుకుందామంటే మా సంఘంలో ఇచ్చిన ఇంటివాళ్ళు పాడకూడదు, ఇచ్చింది వెనక్కి లాక్కున్నట్టవుతుందని. అయ్యగారి ఇంటివాళ్ళూ పాడకూడదు. మా ఆయన పందిరి రాట పట్టుకుని నిలబడిపోయారు. ఒకే ఒక్క గొంతు పాడింది, చినమామగారిది. ఎందుకు పాడారో ఊరందరికీ తెలుసు. ఆయన చెడ్డమనిషి అనుకోకండి. చెరువులో రెండోసారి వేసిన చేపపిల్ల కూడా పక్షుల పాలైపోతే ఆయన కూతుళ్ళ చదువు ఆగిపోతుందని, మొహం పీక్కుపోయి తిరుగుతున్న మనిషి. మునిగిపోతున్నవాడు ఏం దొరికితే అది పట్టుకుంటాడు, ఆయనకి ఈ పక్షి దొరికింది.

ఆయన లేచి వెళ్ళి పక్షిని తీసుకోబోతుంటే, ఆడవాళ్ళ వరసలోంచి మా అత్తగారు లేచి నిలబడింది. ఎన్నడూ నలుగురిలో గొంతెత్తని మనిషి. "చూడయ్యా, ఆ చచ్చిన పక్షి చేసే పని బతికున్న దాన్ని నేను చేస్తాను. మీ గట్టు మీద నేను కూర్చుంటాను. ఒక్క పక్షిని దిగనివ్వను. దీన్ని మటుకు చంపకు" అంది. చినమామగారు తువ్వాలుతో మొహం తుడుచుకుని, "మీరెందుకొదినా, ఎండలో..." అన్నారు. ఆవిడ కూర్చోలేదు. చివరికాయన, సరే వదినా, కానీ మంద దిగిందా, ఇంక నన్నేమీ అనకూడదు అన్నారు. అయ్యగారు, సంఘం, అందరూ సాక్ష్యం.

మర్నాటి నుంచి తెల్లవారగానే మా అత్తగారు చెరువు గట్టుకి బయల్దేరింది. వసారా దాటని మనిషి మూడు చెరువులు దాటి నడిచేది. పక్షిని కాపలా పాకలో తాడుతో కట్టేసి, తను గట్టు మీద ముక్కాలిపీట వేసుకుని, అదే పామాయిలు డబ్బా పట్టుకుని కూర్చునేది. ఆకాశంలో మంద కనబడితే చాలు, డబ్బా మీద కర్రతో దడదడలాడించేది. ఆ మోత మా బడికి వినబడేది. అది వినబడుతున్నంతసేపూ నాకు ధైర్యం, ఆగితే ప్రాణం గిలగిల్లాడేది. బడి విరామంలో క్యారియరు పట్టుకెళ్ళేదాన్ని. పక్షికి చేపలు పెట్టాక, తను ఆ గట్టు మీదే తినేది. ఎండకి నల్లబడింది, కాళ్ళకి బొబ్బలెక్కాయి, అయినా తినేది. పిల్లలు తలెత్తి చూసి, మీ అత్తగారండీ టీచర్ గారూ అని నవ్వితే, నోరుమూసుకుని ఎక్కాలు చదవండర్రా అని కసిరేదాన్ని.

ఎండలు ముదిరే వేళకి పక్షి కట్టు విప్పేశాం. అదే మా మెడకి చుట్టుకుంది. రెక్కలు చాచడం మొదలుపెట్టిన ఆ పక్షి ఒకనాడు తాడు తెంచుకుని, పాకలోంచి వచ్చి నీళ్ళ అంచున హాయిగా నిలబడింది. పైన పోతున్న మందకి, కింద తమవాళ్ళలో ఒకటి నింపాదిగా నిలబడి ఉండటం కనబడింది. ఇంకేముంది, ఇక్కడ భయం లేదు కాబోలనుకుని గుంపు గుంపుగా దిగిపోయాయి. అత్తగారు డబ్బా పగిలేలా వాయించింది, నీళ్ళలోకి దిగి అరిచింది, ఒక్కటీ లేవలేదు. చినమామగారు, చుట్టుపక్కల చెరువుల వాళ్ళు టపాకాయలు పట్టుకుని వచ్చేలోగా చెరువు కలగాపులగమైపోయింది. చినమామగారు గట్టు మీద చతికిలబడి, రెండు చేతులూ తల మీద పెట్టుకున్నారు. "రేపు పొద్దున్నకి ఇది ఇక్కడ కనబడకూడదు వదినా. కనబడితే నేను చెయ్యవలసింది చేస్తాను" అని లేచి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం మా ఆయన, పక్షుల కేంద్రం దగ్గర వదిలేసి వస్తానన్నారు. కానీ ఎగరని పక్షిని అక్కడ వదిలితే కుక్కలు పీకేస్తాయి, ఒకవేళ బతికినా డబ్బా మోత వినబడితే ఇక్కడికే నడిచి వచ్చేస్తుంది. అత్తగారు పక్షికి పెట్టింది, అది తిన్నాక తనూ తిని, పడుకుంది. ఇది ఉండదు, ఇది పోతే ఈవిడ మళ్ళీ ఆ గోడకి తిరుగుతుంది, ఈసారి లేపడానికి ఇంకో పక్షి రాదు అని నేను మటుకు కుమిలిపోయాను.

పొద్దున్న ఎసట్లో బియ్యం పోసి కిందకి దించకుండానే పక్కింటావిడ రొప్పుతూ వచ్చింది. మీ అత్తగారు ఆ పక్షిని చావగొడుతోందమ్మా, మతి పోయినట్టుంది అంది. ఉన్నపళంగా, కొంగు బిగించి, గట్ల మీద పడి పరుగెత్తాను.

నేను వెళ్ళేసరికి పైన మంద తిరుగుతోంది. గట్టు మీద మా అత్తగారు పక్షి ఎదురుగా నిలబడి డబ్బా వాయిస్తోంది. అది ఎగిరిపోవాలి. కానీ ఆ డబ్బా లోంచే కదా అది ఇన్నాళ్ళూ తింది! ఆవిడ ఎంత గట్టిగా వాయిస్తే అది అంత ఆత్రంగా దగ్గరికి వచ్చి, సంచీ తెరిచి, ఆవిడ కాళ్ళకి ముక్కు రాస్తోంది. ఆవిడ డబ్బాని చెరువులోకి విసిరేసింది. కర్ర తీసుకుని కొట్టింది. అది బిత్తరపోయి వెనక్కి తగ్గి, మళ్ళీ వచ్చింది. మళ్ళీ కొట్టింది. "పోవే! పెట్టేవాళ్ళున్నారని ఇలా కూర్చుంటావా? ఎన్నాళ్ళు కూర్చుంటావే? పోయినవాళ్ళెవరూ వెనక్కి రారు, నువ్వు పో, పోయి బతుకు!" అని ఏడుస్తూ, తిడుతూ, పడుతూ లేస్తూ దాని వెంట పడింది. అవతల గట్టు మీద నిలబడి ఉన్న చినమామగారే తట్టుకోలేక, "చాలొదినా, ఆపండి, ఉండనీండి, నేనేమీ చెయ్యను" అని అరిచారు. "నువ్వూరుకో!" అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే.

పక్షి గట్టు పొడుగునా రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తింది. కాస్త లేచి దబ్బున నీళ్ళలో పడింది. నీళ్ళని తంతూ మళ్ళీ లేచింది. ఈసారి పడలేదు. మా తలల మీదుగా పోయి, రెండు చుట్లు తిరిగి, మందలో కలిసిపోయింది. కాసేపటికి ఏది ఏదో తెలియలేదు.

ఆవిడ కర్ర పారేసి గట్టు మీద కూర్చుంది. నేను దగ్గరికి వెళ్ళడానికి భయపడ్డాను. ఇప్పుడు గోడవైపు తిరుగుతుంది, ఇప్పుడు తిరుగుతుంది అని నిలబడ్డాను. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, నా చేతుల వైపు చూసి, "అన్నం తెచ్చావుటే? ఆకలేస్తోంది" అంది.

ఆ పొద్దున్న ఇంకా మా ఇంట్లో ఎవ్వరూ తినలేదు. మనిషీ తినలేదు, పక్షీ తినలేదు. అయినా ఆవిడకి ఆకలేసింది. నేను వెళ్ళిన పరుగు కంటే గట్టిగా వెనక్కి పరుగెత్తాను. పొయ్యి మీద అన్నం అడుగంటి మాడి ఉంది, ఆ పైదే గిన్నెలోకి తీసి, ఇంత పచ్చడి వేసి పట్టుకెళ్ళాను. ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏమిటే ఇది, ఇలా మాడబెట్టావు? నీకెవరు నేర్పారే వంట?" అని అవతల గట్టు దాకా వినబడేలా తిట్టింది. నా బతుకులో నేను పడ్డ తిట్లలో అంత తియ్యటిది ఇంకోటి లేదు. చినమామగారు మొహానికి తువ్వాలు కప్పుకుని అటు తిరిగి నిలబడ్డారు.

ఆ తర్వాత ఆవిడ చాలా ఏళ్ళు బతికింది. మాతో పాటే పీట వేసుకుని, ఒక్కోసారి మాకంటే ముందే తిని, నా వంటకి వంకలు పెట్టింది. చలికాలంలో మందలు వచ్చినప్పుడు చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని పైకి చూసేది. అందులో ఏది తనదో ఎన్నడూ అడగలేదు, చెప్పలేదు.

ఇదంతా ఆ బాల్కనీలో కుర్చీలో కూర్చునే మళ్ళీ చూశాను. నేను మా ఆయన కంచంలో తినే ఆడదాన్ని కాదు, మేమిద్దరం టీవీ ముందు చెరో పళ్ళెం పెట్టుకుని, వార్తల మీద పోట్లాడుకుంటూ తినేవాళ్ళం. అత్తగారిది చాదస్తమన్న మనిషినే నేను. ఆయన పోయాక తెలిసింది, ఆ చాదస్తం నాలోనూ ఉందని. పళ్ళెం ముందు కూర్చుంటే ఎదుటి కుర్చీ ఖాళీగా కనబడుతుంది, ముద్ద కలపబుద్ధి కాదు. తాడేపల్లిగూడెంలో ఉన్న మా అమ్మాయి రోజూ ఫోను చేసి, తిన్నావా అమ్మా అంటుంది, తిన్నానే అంటాను. ఆదివారాలు వచ్చి చూసి, చిక్కిపోయావేమిటమ్మా అంటే, షుగరు తగ్గిందిలే అంటాను. వీధి చివర వంటలు చేసి అమ్మే ఆవిడ పంపే క్యారియరు తలుపుకి తగిలించిపోతారు, అది ఖాళీ అయిందో, కుక్కలకి వేశానో అడిగేవాళ్ళు లేరు. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఒక ముసలావిడ అన్నం మానేస్తే పందిరంతా దానికి సాక్ష్యం. బతకమని కోప్పడేవాళ్ళు, గట్టు మీద కూర్చోనిచ్చేవాళ్ళు, కూర్చోవద్దని బతిమాలేవాళ్ళు, ఎదురుగా మాడన్నం పట్టుకుని నిలబడేవాళ్ళు ఉండేవారు. ఇప్పుడు అందరూ మంచివాళ్ళే, సారీ అండి ఆంటీ అని తప్పుకుంటారు. అబద్ధం చెప్పడం మరీ సుళువైపోయింది.

బస్సులొచ్చాయి, జనం ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళిపోయారు. ఎవరూ చూడని వేళ ట్యాంకు మీది గూడబాతు ఒళ్ళు విదిలించుకుని, కొల్లేటి వైపు ఎగిరిపోయింది.

మధ్యాహ్నం క్యారియరు వచ్చింది. తెచ్చుకుని, పళ్ళెంలో పెట్టుకుని, ఎదుటి కుర్చీని గోడకి జరిపేసి, ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. వెంటనే ఎంగిలి చెయ్యి అలాగే ఉంచుకుని, ఎడంచేత్తో ఆ వీధి చివరావిడకి ఫోను చేశాను. "ఏవమ్మా, ఇది అన్నమా, రాళ్ళా? పళ్ళున్నవాళ్ళకి పంపుతున్నాననుకున్నావా?" అని వీధి దాకా వినబడేలా దెబ్బలాడాను.